పెన్సిలమ్మ వేసిన అఫిడవిట్

మా కోర్టులో ఆవిడని అసలు పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. ఆ పేరు జీతాల రిజిస్టరులో ఉండేది, అంతే. జుట్టు ముడిలో ఒకటి, చేతిలో ఒకటి, నోట్‌బుక్కు స్ప్రింగులో ఒకటి, మూడు చెక్కిన పెన్సిళ్ళు లేకుండా ఆవిడ ఎవరికీ కనబడలేదు. అందుకని పెన్సిలమ్మ అయింది. మొదట్లో చాటుగా అనేవాళ్ళం, తర్వాత ముఖం మీదే అన్నాం. ఆవిడా పలికేది.

ఆవిడ స్టెనో. జడ్జిగారు చెబుతుంటే షార్ట్‌హ్యాండులో రాసుకుని, టైపు కొట్టి, సంతకానికి పెట్టడం ఆవిడ పని. నేను అదే భవనంలో కింది అంతస్తులో కాపీల సెక్షన్ గుమాస్తాని. ఆవిడ టైపు చేసిన తీర్పులకి నకళ్ళు తీసి పార్టీలకిచ్చేది నేనే. ఇరవయ్యేళ్ళు ఆవిడ పేజీలు నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఒక్క కొట్టివేత చూసిన గుర్తు లేదు. లాయర్లు ఎంత గడగడా మాట్లాడినా ఆవిడ పెన్సిలు వెనకబడేది కాదు. సాక్షి ఆవలిస్తే అదీ రాస్తుందేమోనని మేం నవ్వుకునేవాళ్ళం.

అందులో తొమ్మిదేళ్ళు ఆవిడ ఒకే జడ్జి దగ్గర పనిచేసింది. ఆయన గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. గదిలో కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కిటికీ దాకా నడుస్తూ తీర్పులు చెప్పేవారు. సంతకానికి కాగితాలు పెడితే చదివేవారు కాదు. లాయర్ల ముందే అనేవారు, "నేను చెప్పింది ఈవిడ రాసిందంటే నేను మళ్ళీ చదవక్కర్లేదు. నా నోరైనా తడబడుతుంది గానీ ఈవిడ చెయ్యి తడబడదు." ఆ మాట అన్న రోజు ఆవిడ మెట్లు దిగి నా సెక్షన్‌కి వచ్చి, పనేమీ లేకపోయినా స్టాప్లర్ అడిగి తీసుకెళ్ళింది. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా.

ఆయన మీద ఆవిడకున్నది ఉత్త గౌరవం కాదు, నమ్మకం. దానికి కారణం ఒక చిన్న ఆర్డరు. ఒకసారి ఆయన ముందుకి ఒక గోడ తగాదా వచ్చింది. రెండు పక్షాలూ ఆయనే వినాలన్నారు. ఆయన మాత్రం ఆ కేసు నుంచి తప్పుకున్నారు. ఎందుకంటే ఒక పార్టీ తండ్రి ఆయనకి చిన్నప్పుడు ఈత నేర్పాడట. ముప్పై ఐదేళ్ళ కిందటి మాట! లాయర్లు ముసిముసిగా నవ్వారు. ఆయన నవ్వకుండా డిక్టేట్ చేశారు: "నా మనసు ఎటూ మొగ్గలేదని నాకు తెలుసు. కానీ నా మనసు నాకొక్కడికే కనబడుతుంది. ఎదుట నిలబడ్డవాళ్ళకి కనబడేది నా కుర్చీ మాత్రమే. ఆ కుర్చీ మీద వాళ్ళకి అనుమానం వచ్చే వీలుంటే నేను అందులోంచి లేవాలి."

ఆ ఆర్డరు నకలు ఒకటి అదనంగా కావాలని పెన్సిలమ్మ నన్నడిగింది. ఫీజు కట్టే తీసుకుంది.

తొమ్మిదేళ్ళలో ఒక చెడ్డకాలం కూడా ఉంది. జడ్జిగారి భార్యకి జబ్బు చేసింది. పెద్ద ఊళ్ళో ఆస్పత్రిలో ఎనిమిది నెలల వైద్యం. ఆయన వారమంతా ఇక్కడ కుర్చీలో కూర్చుని, శనాదివారాలు అక్కడికి పరుగెత్తేవారు. ఆస్పత్రికి రెండు వీధుల అవతల ఒక మంచి ఇంట్లో ఆవిడని ఉంచారని మాకు తెలుసు గానీ, ఆ ఇల్లు ఎవరిదో మాకెవరికీ తెలియదు. తెలిసింది ఒక్క పెన్సిలమ్మకే. భార్య కోలుకుని ఇంటికొచ్చిన వారం, జడ్జిగారు కోర్టు పనంతా అయ్యాక తలుపు దగ్గరగా వేసి ఒక సొంత ఉత్తరం డిక్టేట్ చేశారు. మా ఊరి ఐస్ ఫ్యాక్టరీ యజమానికి, ఇల్లిచ్చినందుకు కృతజ్ఞతలు చెబుతూ. పెన్సిలమ్మ టైపు చేసింది. కాపీ ఉంచొద్దన్నారు, ఉంచలేదు. ఇంటికి వెళ్ళి భర్తతో కూడా అనలేదు. జడ్జి గదిలో విన్నది జడ్జి గదిలోనే వదిలేసి రావడం ఆవిడకి పెన్సిలు చెక్కడమంత అలవాటైన పని.

తర్వాత ఆయనకి బదిలీ అయింది. ఆవిడ వేరే జడ్జి దగ్గరికి మారింది. ఆరేళ్ళు గడిచాయి.

ఆ ఆరేళ్ళలోనే ఆవిడ తమ్ముడి బతుకు తలకిందులైంది. అతను అదే ఐస్ ఫ్యాక్టరీలో మిషను ఆపరేటరు. ఒక మధ్యాహ్నం అమ్మోనియా గ్యాసు లీకైంది. మంచు దిమ్మలు మోసే మనుషులిద్దరు అక్కడికక్కడే పోయారు. అతను బతికాడు, కానీ ఊపిరితిత్తులు కాలిపోయాయి. పది అడుగులు నడిస్తే ఆగి గోడ పట్టుకోవాలి. గొంతు గరగరమంటుంది. అంతటితో పోతే ఎలాగో ఓర్చుకునేవాడు. యాజమాన్యం తప్పంతా అతని మీదే తోసింది. తిప్పకూడని వాల్వు తిప్పాడని, ఇద్దరి చావుకీ అతనే కారణమని కాగితాల మీద రాసింది. ఆ వాల్వు అరిగిపోయిందని మేనేజరుకి మూడుసార్లు చెప్పానని అతనంటాడు. చెప్పలేదని మేనేజరంటాడు. పోయినవాళ్ళలో ఒకతని భార్య వాళ్ళ వీధిలోనే ఉంటుంది. ఇతను ఎదురైతే ఆవిడ రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళిపోయేది. "ఆ గ్యాసు కంటే ఇది ఎక్కువ మండుతుందక్కా" అన్నాడట ఒకరోజు.

అతను కంపెనీ మీద కేసు వేశాడు. పరిహారం అడిగాడు, కానీ అతనికి అసలు కావలసింది, తప్పు నాది కాదని ఒక కాగితం.

ఆ కేసు నడుస్తుండగానే మన జడ్జిగారు పెద్ద హోదాలో మళ్ళీ మా కోర్టుకే వచ్చారు. ఐస్ ఫ్యాక్టరీ కేసు ఆయన బెంచి మీదే ఉంది. వచ్చిన మొదటి రోజే పెన్సిలమ్మని తన దగ్గరికి వేయమని ఆఫీసుకి చెప్పారు. ఆవిడ వెళ్ళి దణ్ణం పెట్టి, "నా తమ్ముడి కేసు మీ దగ్గరుంది సార్. అది తేలేదాకా నేను మీ గదిలో ఉండటం బాగుండదు. నన్ను వేరే చోటే ఉంచండి" అంది.

ఆయన తలూపారు. "మంచి ఆలోచనమ్మా" అన్నారు.

కిందికి వచ్చి నాతో అంది, "అన్నయ్యగారూ, ఇంక తమ్ముడి కేసు వేరే జడ్జికి వెళుతుంది చూడండి. ఈత నేర్పినందుకే తప్పుకున్న మనిషి ఆయన."

నాకప్పుడు అర్థం కాలేదు. నీ మొహం చూసా తప్పుకుంటారు అనుకున్నాను. ఆవిడ మనసులో ఉన్నది ఆ ఇల్లు. పైకి చెప్పదుగా.

కేసు పిలిచిన రోజు ఆవిడ సెలవు పెట్టి, తమ్ముడి పక్కన వెనక బెంచీలో కూర్చుంది. నేనూ ఏదో ఫైలు వంకతో వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. జడ్జిగారు ఫైలు తెరిచి, కళ్ళద్దాలు తీసి, అందరినీ చూసి అన్నారు: "విచారణ మొదలయ్యే ముందు ఒక విషయం చెప్పాలి. కేసు వేసినతని అక్క నా దగ్గర తొమ్మిదేళ్ళు స్టెనోగా పనిచేసింది. ఆవిడంటే నాకు మంచి అభిప్రాయం. దీనివల్ల కంపెనీవారికి ఏమైనా అభ్యంతరం ఉంటే చెప్పండి, నేను తప్పుకుంటాను."

కంపెనీ లాయరు లేచి నడుం వంచాడు. "ఎంతమాట! తమరి నిజాయితీ మీద మాకు పూర్తి విశ్వాసం ఉంది. ఎలాంటి అభ్యంతరమూ లేదు."

హాలంతా ఆయన్ని మెచ్చుకుంటున్నట్టు ఒక కదలిక. పెన్సిలమ్మ మాత్రం మెడ ముందుకి చాచి అలాగే చూస్తోంది. ఆయన ఇంకో మాట చెప్పబోతున్నారు, చెబుతారు, అన్నట్టు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, "సాక్షిని పిలవండి" అన్నారు.

అంతే. రెండో మాట లేదు.

ఆవిడ ముఖం చూశాను. ఎవరో చెంప మీద కొడితే తిరిగి ఏమనాలో తెలియని మనిషిలా ఉంది. నాకేమీ తెలియదు కాబట్టి, తమ్ముడి గురించి బెంగ అనుకున్నాను.

రెండు రోజులు ఆవిడ తనకి తానే సర్దిచెప్పుకుందట. మరిచిపోయారేమో. ఏడెనిమిదేళ్ళయింది, భార్య జబ్బు కంగారులో ఎవరికి ఏ ఉత్తరం రాశారో గుర్తు లేదేమో. ఎవరైనా గుర్తుచేస్తే చాలు. కేసు నడుస్తుండగా పార్టీ తరఫు మనిషి జడ్జిని చాటుగా కలవకూడదు, అది ఆవిడకి తెలుసు. అందుకని ఆయన భార్య దగ్గరికి వెళ్ళింది. అదీ సరైన పని కాదని తర్వాత తనే ఒప్పుకుంది.

ఆ అమ్మగారికి పెన్సిలమ్మంటే ఇష్టం. వరండాలో కుర్చీ వేయించి, టీ ఇచ్చి, పిల్లల సంగతులు అడిగారు. పెన్సిలమ్మ నీళ్ళు నమిలి, నమిలి, చివరికి అంది. "అమ్మగారూ, మీకు వైద్యం జరిగినప్పుడు ఉన్న ఇల్లు... అది ఎవరిదో సారుకి ఒకసారి గుర్తుచేస్తారా?"

అమ్మగారు కప్పు బల్ల మీద పెట్టారు.

"ఆయనకి గుర్తు లేక కాదే అమ్మాయ్" అన్నారు.

పెన్సిలమ్మ తలెత్తి చూసింది.

"ఆ ఇల్లు లేకపోతే నేనివాళ నీతో మాట్లాడుతూ ఉండేదాన్ని కాదు. తప్పుకుంటే ఎందుకు తప్పుకున్నారో రాయాలి. రాస్తే ఊరంతా నోళ్ళు నొక్కుకుంటారు. జడ్జిగారు ఫలానావాళ్ళ ఇంట్లో ఊరికే ఉన్నారట అంటారు. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతారు. మచ్చ లేకుండా వెళ్ళాలని ఆయన ఆశ. అయినా ఆయన అన్యాయం చేయరు, నీకు తెలుసుగా?"

"తెలుసండీ" అని లేచి వచ్చేసింది. బస్సెక్కాక గాని తెలియలేదట తను ఏడుస్తున్నట్టు. ఆయన కోర్టులో చెప్పిన మాట అబద్ధం కాదు. కానీ ఆ నిజాన్ని ముందు పెట్టి ఇంకో నిజాన్ని దాచారు. అందరూ ఆ మాట విని ఆయన్ని మెచ్చుకున్నారు. దాచింది చూడగలిగిన మనిషి ఆ హాల్లో తనొక్కతే. తను నోరు విప్పదని ఆయనకి తెలుసు. తొమ్మిదేళ్ళుగా తన నోటి మీద ఆయనకున్న నమ్మకం మీదే ఆయన ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇది తట్టగానే, ఒళ్ళంతా మండిపోయిందట.

తమ్ముడి లాయరు ఒక చిన్న వయసు అమ్మాయి, పెన్సిలమ్మ ఆవిడని లాయరమ్మ అనేది. మర్నాడే వెళ్ళి అంతా చెప్పింది. లాయరమ్మ కలం కింద పెట్టి, "మీరు అఫిడవిట్ ఇవ్వాలి. జడ్జి తప్పుకోవాలని పిటిషన్ వేద్దాం. కానీ ఆలోచించుకోండి. జడ్జి సొంత ఉత్తరంలో ఏముందో స్టెనో బయటపెట్టిందంటే మీ ఉద్యోగానికే ఎసరొస్తుంది" అంది.

తమ్ముడు వద్దన్నాడు. "అక్కా, నాకోసం నీ పేరు పాడుచేసుకోకు. మన పేర్లు రెండూ పోతే అమ్మ ఎవరి పేరు చెప్పుకుంటుంది?"

"నాకు పేరెక్కడుందిరా, పెన్సిలేగా ఉంది" అంది. ఇద్దరూ నవ్వారు. ఆ అఫిడవిట్ ఆవిడే టైపు చేసుకుంది. ఈత నేర్పిన కేసు ఆర్డరు నకలు దానికి జతచేసింది.

విచారణ రోజు హాలు కిక్కిరిసింది. సంగతి ఎలా పొక్కిందో మరి. జడ్జిగారు అఫిడవిట్ మొత్తం చదివారు. చదివి, ఆవిడని ముందుకి రమ్మన్నారు.

"ఈ ఉత్తరం కాపీ ఉందా?"

"లేదు సార్. ఉంచొద్దన్నారు."

"మరి దేన్నిబట్టి రాశారు?"

"నా నోట్‌బుక్కు ఉంది సార్. పాతవన్నీ దాచుకున్నాను."

"చదవండి."

ఆవిడ సంచిలోంచి అంచులు పసుపెక్కిన నోట్‌బుక్కు తీసింది. చదివింది: "'తాళాలు మీ మనిషికి అందజేశాము. మా ఆవిడ ప్రాణాలతో తిరిగొచ్చిందంటే ఆస్పత్రి ఎంత కారణమో ఆ ఇల్లూ అంతే కారణం. అద్దె మాట ఎత్తితే మీరు కోప్పడ్డారు. ఈ మేలు బతికున్నంతకాలం మరిచిపోను. నావల్ల మీకు ఏ అవసరం పడినా...' ఇక్కడ ఆగారు సార్ మీరు. ఈ చివరి మాట కొట్టేయమన్నారు. కొట్టేశాను."

ఆ కొట్టేసిన గీత ఆయన్ని మంచివాడిగానే చూపిస్తోంది. ఆవిడ దాన్ని వదిలేయొచ్చు, వదల్లేదు. ఉన్నదంతా చదవడమే ఆవిడకి వచ్చు.

జడ్జిగారు నోట్‌బుక్కు తెప్పించుకుని చూశారు. తన కొత్త స్టెనో వైపు తిప్పారు. "మీరిది చదవగలరా?"

కొత్త స్టెనో బిక్కమొహం వేశాడు. "ఈవిడ సొంత గుర్తులు చాలా ఉన్నాయి సార్. నావల్ల కాదు."

"అంటే ఈ గీతలు ఈవిడ తప్ప ఎవరూ చదవలేరు" అన్నారు జడ్జిగారు, హాలు మొత్తానికి వినబడేలా. "వీటిలో ఏముందని ఈవిడంటే అదే ఉన్నట్టు."

లాయరమ్మ ఏదో అనబోయింది. పెన్సిలమ్మ ఆగలేదు.

"సార్, ఇరవయ్యేళ్ళు ఈ గీతల్ని బట్టే మనుషులని జైలుకి పంపాం. ఇవాళ చదవలేకపోయామా?"

"మర్యాద!" అన్నాడు కంపెనీ లాయరు.

"మీ మనసు మీద నాకు అనుమానం లేదు సార్" అంది ఆవిడ, గొంతు తగ్గించి. "మా తమ్ముడు ఓడిపోతే ఎందుకు ఓడిపోయాడో వాడికి తెలియాలి. మీ దగ్గర ఓడిపోతే వాడికి ఎప్పటికీ తెలియదు. గెలిచినా తెలియదు, అక్క మొహం చూసి గెలిపించారేమో అనుకుంటాడు. ఒక్క మాట చెప్పండి సార్. ఆ ఇంట్లో ఉన్నారా, లేదా?"

"ఇక్కడ ప్రశ్నలు అడిగేది నేను."

పిటిషన్ కొట్టేస్తూ అక్కడికక్కడే ఆర్డరు చెప్పారు. గొంతు పెంచలేదు. ఎవరూ సరిచూడలేని రాతల ఆధారంగా, నమ్మకంతో అప్పగించిన పనిని దుర్వినియోగం చేసిన ఉద్యోగి మాటల మీద తప్పుకోవడం న్యాయస్థానం గౌరవానికే భంగం అన్నారు. ఆవిడ అక్కడే నిలబడి వింటోంది. నేను చూశాను, ఆవిడ కుడిచేతి వేళ్ళు సంచి మీద చిన్నగా కదులుతున్నాయి. ఆయన ఏం చెబితే అది రాసుకుంటూ పోవడం ఆ వేళ్ళకి అలవాటు. "దుర్వినియోగం" దగ్గర ఆగిపోయాయి.

తర్వాతి రోజుల గురించి చెప్పాలంటే నాకు తల కొట్టేసినట్టుంటుంది. ఆవిడకి మెమో వచ్చింది. నేలమాళిగలోని రికార్డు రూముకి మార్చారు. ఇంక ఏ జడ్జీ ఆవిడకి డిక్టేషన్ ఇవ్వడు. భోజనాల గదిలో ఆవిడ డబ్బా తెరవగానే ఇద్దరు లేచి పోయేవాళ్ళు. "జాగ్రత్త, నోట్‌బుక్కులో ఎక్కిస్తుంది" అని నవ్వేవాళ్ళు. నేను నవ్వలేదు. అలాగని ఆవిడ బల్ల దగ్గర కూర్చోనూ లేదు. కిటికీ పక్క గాలి బాగుంటుందని వంక పెట్టుకుని వేరే చోట తిన్నాను. ఇంకా మూడేళ్ళ సర్వీసుంది నాకు. ఒకరోజు ఆవిడే నా ముందుకొచ్చి, "కాపీ ఒకటి కావాలి అన్నయ్యగారూ, నా పిటిషన్ కొట్టేసిన ఆర్డరు" అంది. రసీదు రాసిస్తూ తలెత్తలేకపోయాను. "ఆయనదైతే అర్థం చేసుకున్నాను. మీరు కూడానా?" అంది. రసీదు చింపి ఆవిడ చేతికిచ్చి, తర్వాతి మనిషిని పిలిచాను.

ఆ నకలు పట్టుకునే వాళ్ళు పై కోర్టుకి వెళ్ళారు. అక్కడ ఇద్దరు జడ్జిలు విన్నారు. నోట్‌బుక్కు వాళ్ళు తెరవను కూడా తెరవలేదట. వాళ్ళు పట్టుకున్నది ఒకటే. ఆరు పేజీల ఆర్డరులో ఆ గీతలు ఎవరూ చదవలేరని ఉంది, స్టెనో నమ్మకద్రోహం చేసిందని ఉంది, కోర్టు గౌరవం గురించి రెండు పేరాలున్నాయి. ఆ ఇంట్లో ఉండలేదన్న మాట మాత్రం ఎక్కడా లేదు. "ఉండకపోతే ఒక్క వాక్యంతో పోయేది. జడ్జి మనసులో పక్షపాతం ఉందో లేదో మేము తేల్చడం లేదు. ఉందేమోనని మామూలు మనిషి భయపడటానికి కారణం ఉందా అన్నదే ప్రశ్న. ఉంది" అని రాశారు. ఒకవైపు పరిచయం చెప్పి రెండోవైపుది చెప్పకపోవడం, ఏదీ చెప్పకపోవడం కంటే చెడ్డదని కూడా రాశారు. కేసు వేరే జడ్జికి మార్చారు. ఆ తీర్పు నకళ్ళు తీసింది నేనే. ఆ రోజు మూడు సార్లు చదివాను.

పెన్సిలమ్మ సంతోషపడుతుందనుకున్నాం. పడలేదు. "ఆయన ఉన్నానని ఒక్క మాట చెప్పి లేచిపోతే, ఊళ్ళోవాళ్ళందరికంటే ముందు నేనే ఆయనకి దణ్ణం పెట్టేదాన్ని" అంది తమ్ముడితో. "నేను రాసింది నిజమని ఆయనకి తెలుసురా. తెలిసీ నన్ను అబద్ధాలకోరుని చేశాడు." అంతవరకూ ఆయన్ని 'ఆయన', 'సారు' అనే అనేది. ఆ ఒక్కసారే ఏకవచనం వచ్చిందట నోట్లోంచి.

కొత్త జడ్జి ఒకావిడ. దూరం నుంచి బదిలీ మీద వచ్చింది, ఊళ్ళో ఎవరూ తెలియదు. ఏడాది పాటు ఓపిగ్గా విన్నది. అరిగిన వాల్వు తెప్పించి బల్ల మీద పెట్టించుకుని చూసింది. తీర్పులో, గ్యాసు లీకు కావడానికి కారణం యాజమాన్యమే అంది, ఇద్దరి చావుకీ ఆపరేటరు బాధ్యుడు కాదంది. కానీ ఇంకో మాట కూడా రాసింది. వాల్వు సంగతి మూడుసార్లు నోటితో చెప్పినవాడు, లాగ్‌బుక్కులో ఒక్కసారైనా రాసి ఉండాల్సింది, అది అతని బాధ్యత, రాయలేదు, ఆ మేరకు అతని లోపం ఉంది అంది. పరిహారం కొంత తగ్గించింది.

లాయరమ్మ అప్పీలు వేద్దామంది. తమ్ముడు వద్దన్నాడు. "ఆవిడ చెప్పింది నిజమే. రాయాల్సింది. రోజూ అనుకునేవాణ్ణి రాయాలని, చేతులకి జిడ్డు అని వదిలేసేవాణ్ణి." ఈ మాటే పాత జడ్జి రాసుంటే చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. ఈవిడ రాసింది గనక ఒప్పుకున్నాడు. పెన్సిలమ్మ పడ్డ పాట్లన్నిటికీ ఫలితం ఏదైనా ఉందంటే ఇదేనేమో. వీధిలో ఆ పోయినతని భార్య ఇప్పుడు రోడ్డు దాటడం మానేసింది. పలకరించదు, కానీ దాటి వెళ్ళదు.

పాత జడ్జిగారు రిటైరయ్యారు. వీడ్కోలు సభకి కోర్టంతా వెళ్ళింది, నాతో సహా. పెన్సిలమ్మ నేలమాళిగలో ఫైళ్ళకి పురుగుల మందు కొట్టుకుంటూ ఉండిపోయింది.

ఏడాది తర్వాత ఆయన భార్య కబురు పెట్టారు. ఆయనకి ఒంట్లో బాగుండటం లేదు, ఒకసారి చూడాలంటున్నారని. ఆవిడ వెళ్ళనంది. మళ్ళీ కబురొస్తే, అమ్మగారి ముఖం చూసి వెళ్ళింది. ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు, బాగా చిక్కిపోయారు. మోకాళ్ళ నొప్పుల గురించి, కొత్త కోర్టు భవనానికి మెట్లు ఎక్కువ పెట్టారని, కుండీల్లో మొక్కలకి చీడ పట్టిందని, అరగంట మాట్లాడారు. ఆవిడ "అవును సార్", "లేదు సార్" అంటూ కూర్చుంది. ఆ అరగంటలో ఎప్పుడైనా ఆ ఇంటి మాట వస్తుందేమోనని చూసింది. రాలేదు. లేచి వస్తుంటే మాత్రం, "మీ తమ్ముడెలా ఉన్నాడమ్మా?" అని అడిగారు.

"మెట్లెక్కలేడు సార్. మామూలుగానే ఉన్నాడు" అని చెప్పి వచ్చేసింది.

ఇంటికెళ్ళేసరికి తమ్ముడు గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని ఉన్నాడు. "ఏమన్నారు?" అన్నాడు.

"నువ్వెలా ఉన్నావని అడిగారు."

"ఇప్పుడా!" అని నవ్వబోయి దగ్గులో పడ్డాడు. దగ్గు ఆగేదాకా ఆవిడ వీపు రాస్తూ నిలబడి, తర్వాత మంచినీళ్ళు తేవడానికి లోపలికెళ్ళింది.